చూపుకొలత జయానందం

మెదక్‌లో గుడ్డ దొంగ ఎవరని అడిగి చూడండి. ఇప్పటికీ ఒక్క పేరే చెబుతారు, దర్జీ జయానందం అని. ఆ చెప్పేవాళ్ళలో సగం మంది ఒంటి మీద వాడు కుట్టిన చొక్కానే ఉంటుంది. ఆ చొక్కాకు ఎలాగూ సిగ్గుండదు, తొడుక్కున్నవాడికైనా ఉండొద్దా? జయానందం జన్మలో జానెడు గుడ్డ దొంగిలించలేదు. వాడి దుకాణం పక్కనే నా మందుల దుకాణం. వాడు మింగిన మాత్రలన్నీ నా చేతుల మీదుగా పోయినవే. కాబట్టి ఈ సంగతి నాకు తెలిసినంతగా ఊరికి తెలియదు. తెలిసినా నమ్మదు. నిజం చెబితే మా ఊరికి ఆవులింతలు వస్తాయి, నింద చెబితే నిద్ర మత్తు వదులుతుంది.

జయానందం ఏనాడూ టేపు పట్టలేదు. వాడిది చూపుకొలత. గుడ్డ తెచ్చినవాడు గడప దగ్గర నిలబడాలి. జయానందం కుట్టుమిషను ముందు నుంచి లేవకుండానే ఒకసారి తలెత్తేవాడు. తల నుంచి పాదం దాకా ఒక చూపు, భుజం నుంచి భుజానికి ఒక చూపు. "అయింది, పోండ్రి. శనివారం రాండ్రి" అనేవాడు. శనివారానికి చొక్కా సిద్ధం. కౌడిపల్లి నుంచీ ఎల్దుర్తి నుంచీ బండ్లు కట్టుకుని వచ్చి కుట్టించుకునేవాళ్ళు. చుట్టాలొస్తే చర్చి చూపించి, తర్వాత జయానందాన్ని చూపించేవాళ్ళు. వాడు కూడా చర్చి గోపురంలాగే మెడ నిటారుగా పెట్టుకుని కూర్చునేవాడు.

ఈ విద్య దేవుడిచ్చిన వరమని వాడనేవాడు. ఊరూ అదే అనేది. వరమూ కాదు, పాడూ కాదు. వాడి నాన్న పేతురు మిషనరీల బంగళాలో తెల్లదొరల పాత కోట్లు విప్పి, మళ్ళీ కుట్టి పని నేర్చుకున్నాడు. అది నిజాం కాలం. చుట్టుపక్కల దొరలకు అప్పుడే కోట్ల పిచ్చి పుట్టింది. కులవృత్తిగా బట్టలు కుట్టే మేరవాళ్ళకు కోటు కుట్టడం రాదు, వచ్చినవాడు పేతురొక్కడే. ఆ పేతురు తండ్రి మాలవాడలో పుట్టి బాప్తిస్మం పుచ్చుకున్నవాడు. ఆ బాప్తిస్మం దేవుడి దగ్గర చెల్లింది కానీ దొర ఉండే గడీలో చెల్లలేదు. దొరకు కోటు కావాలి, కోటు కొలిచే చెయ్యి మాత్రం తగలకూడదు. దొర అరుగు మీద నిలబడి, పేతురును వాకిట్లో నిలబెట్టి, "సూస్కో" అనేవాడు. మొదటి కోటు చంకల్లో బిగిసిందని పేతురును ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. రెండో కోటు కుదిరింది. చూపుకొలత పుట్టుక అదీ.

ఈ బండ సంగతి పేతురు కొడుకుకు చెప్పలేదు. ఆ తండ్రి సిగ్గుపడి దాచుకున్నాడు. ఈ కొడుకేమో దాన్ని వంశగౌరవం చేసుకున్నాడు. "మా నాయిన కండ్లు నాకొచ్చినయి" అని వచ్చినవాడికల్లా చెప్పుకునేవాడు. వాడి భార్య యేసమ్మ లోపలి గదిలో ఆడవాళ్ళకు రవికెలు కుట్టేది, టేపు పెట్టి కొలిచి మరీ కుట్టేది. ఆ టేపును చూసి వీడు మూతి విరిచేవాడు. "చూపు లేనోళ్ళకు టేపు" అనేవాడు. యేసమ్మ రవికె ఒక్కటీ తిరిగొచ్చిన పాపాన పోలేదు, ఆ మాట మాత్రం వాడి నోట ఎప్పుడూ రాలేదు.

అరవై ఏడో సంవత్సరం వానాకాలంలో జయానందం గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరి లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. పిల్లలు బాగానే ఉన్నారు, పని చేతినిండా ఉంది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. పలకరిస్తే కళ్ళలోంచి నీళ్ళు కారేవి. ఎందుకురా అంటే, "ఏమో, నాకే తెల్వది" అనేవాడు.

కారణం లేని ఏడుపును మా ఊరు ఒప్పుకోదు. ఏదో ఒక కారణం అంటగట్టాల్సిందే. చేతబడి అన్నారు. దాచుకున్న పాపం అన్నారు. పెళ్ళాం సరిగ్గా చూడట్లేదన్నారు. ఎక్కడినుంచో ఒక ప్రార్థనాయన వచ్చి తల మీద నూనె పోసి, గంటసేపు అరిచి, వాడి దగ్గర విశ్వాసం తక్కువుందని తేల్చి, కోడికూర తిని పోయాడు. ఇంకొకాయన తాయెత్తు కట్టించాడు. నూనె కారింది, తాయెత్తు తడిసింది, జయానందం మాత్రం గోడవైపే ఉన్నాడు. ఒకనాటి పొద్దున వాడు పెరట్లో బావి గట్టు మీద కాళ్ళు లోపలికి వేసుకుని కూర్చుని ఉంటే యేసమ్మ జుట్టు పట్టి వెనక్కి లాగింది. ఆ జుట్టు వదలకుండానే నన్ను కేకేసింది.

"ప్రకాశమన్నా, ఇగ ప్రార్థనలు సాలు. యాడన్న డాక్టర్ ఉంటే చెప్పు" అంది.

ఇద్దరం కలిసి వాడిని బస్సెక్కించి హైదరాబాదు తీసుకుపోయాం. అక్కడి మనసు జబ్బుల డాక్టరు వాడితో చాలాసేపు మాట్లాడాడు. ఇది దయ్యమూ కాదు, పాపమూ కాదు, జబ్బు అన్నాడు. ఇమిప్రమిన్ అని కొత్తరకం మాత్రలు రాసిచ్చాడు. వెంటనే గుణం కనిపించదు, విసుగుపడి మానేస్తే మాత్రం మళ్ళీ బావి దగ్గరికే పోతాడు అని యేసమ్మకు రెండుసార్లు చెప్పాడు.

డాక్టరు చెప్పినట్టే మొదట్లో నోరు ఎండిపోవడం తప్ప మరేమీ జరగలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం జయానందం తనంతట తానే లేచి కూర్చుని పచ్చిపులుసు చేయమన్నాడు. యేసమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తూనే చేసింది. ఇంకొన్నాళ్ళకు కత్తెర చేతబట్టాడు. క్రిస్మస్ దగ్గర పడుతోంది, గుడ్డలు కుప్పలు పడి ఉన్నాయి. రాత్రింబవళ్ళు మిషను చప్పుడు వింటూ నేను కూడా దేవుడికి దండం పెట్టుకున్నాను, మాత్రలకు కూడా పెట్టుకున్నాను.

ఆ క్రిస్మస్ ఆరాధనలో చేతులెత్తి స్తుతించలేని భక్తులను చూశాను. ఎత్తుదామంటే చంకలు పట్టేశాయి. మోకరించిన వాళ్ళలో ఒకాయన పాంటు వెనక కుట్టు పటుక్కున తెగింది. పాటల వరుసలో ముందు నిలబడే పెద్దమనుషుల చొక్కా చేతులు మణికట్టుకు జానెడు పైనే ఆగిపోయాయి. జయానందం కుట్టినవన్నీ కురచ. ఒకటీ అరా కాదు, మగవాళ్ళ బట్టలన్నీ, తమ్ముళ్ళకు కుట్టాల్సినవి అన్నలకు కుట్టినట్టున్నాయి.

ఆరాధన ముగిసి "హ్యాపీ క్రిస్మస్" అన్న నోళ్ళే గేటు దాటకముందే "గుడ్డ కొట్టేసిండు" అన్నాయి. కంసాలి తల్లి బంగారమైనా వదలడంటారు కదా, ఆ సామెతను దర్జీకి తగిలించడానికి మా వాళ్ళకు ఎంతసేపు? జబ్బు మనిషికి హైదరాబాదు ఖర్చులుంటాయి, ఎక్కడినుంచి తెస్తాడు, మన గుడ్డలో మిగిల్చుకుంటున్నాడు అని లెక్క తేల్చేశారు. ఇక్కడొక చిత్రం ఉంది. కురచగా కత్తిరిస్తే గుడ్డ మిగులుతుంది కదా, ఆ మిగిలిన ముక్కలన్నిటినీ జయానందం ఎవరివి వాళ్ళకు చుట్టకట్టి చొక్కాతో పాటే ఇచ్చేశాడు. దొంగ ఎక్కడైనా సొత్తు మూటకట్టి సొంతదారుకు ఇస్తాడా? అదే మాట నేనంటే, "గింత వాపస్ ఇచ్చిండంటే, ఎంత దాసుకున్నడో సూడు" అన్నారు. ఇలాంటి బుర్రలకు నేను జ్వరం మందులమ్ముతూ బతుకుతున్నాను.

నిందకంటే ముందు వాడిని తినేసింది ఆశ్చర్యం. ఒకరోజు దుకాణం తలుపు సగం దించి నన్ను లోపలికి పిలిచాడు.

"ప్రకాశం, ఒక మాట చెప్త, నవ్వొద్దు. గీ గోళీలు పట్టినంక నాకు మనుషులు చిన్నగ కనబడుతుండ్రు."

"చిన్నగంటే?"

"చిన్నగనే. నువ్వు గా గడప కాడ నిలబడ్తె బడికి పోయే పిలగానంత కనబడ్తున్నవ్. మొకం నీదే, మీసం నీదే. మనిషివి గింతే. దగ్గరికొస్తే మల్ల మామూలైతవ్. చేతిల ఉన్న గుడ్డ, కత్తెర, అన్నీ సక్కగనే ఉన్నయి. జరంత దూరముంటే సాలు, చిన్నగైతుండ్రు."

"ఈ ఊరోళ్ళు చిన్నగ కనబడనీకె గోళీలు గావాల్నారా? నాకు పుట్టినకాంచి గట్లనే కనబడుతుండ్రు" అన్నాను.

వాడు నవ్వలేదు. రోజుకింత చొప్పున తగ్గుతూ వచ్చారు కాబట్టి క్రిస్మస్ పని నడిచినన్నాళ్ళూ వాడికి అనుమానమే రాలేదట. కళ్ళకు కనిపించిన మనిషికి కనిపించినంత చొక్కా కుట్టాడు. వాడి దృష్టిలో ఒక్క చొక్కా కూడా కురచ కాదు. వాడి మీద జాలేసింది, ఊరి మీద కడుపు మండింది.

మందుల సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడు డాక్టరును కలిసి చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు వంగాడు. "ఇలా జరగొచ్చని చదివాను కానీ చూడలేదు. చాలా అరుదు. కళ్ళ లోపం కాదండీ, చూపును అర్థం చేసుకునే చోట ఈ మందు ఏదో తిరకాసు పెడుతోంది. పోతే పోవచ్చు, ఉంటే ఉండొచ్చు" అన్నాడు. మోతాదు తగ్గించి చూద్దామన్నాడు. తగ్గించాం. మనుషులు కొంచెం పెరిగారు, జయానందం మాత్రం మళ్ళీ గోడవైపు తిరగడం మొదలుపెట్టాడు. యేసమ్మ బెదిరిపోయి నన్ను మళ్ళీ పంపింది. పాత మోతాదే వాడమని చెబుతూ డాక్టరు, "దగ్గరివి సరిగ్గానే కనిపిస్తాయంటున్నారుగా. టేపు పెట్టి కొలవమనండి. ఇందులో కష్టమేముంది, దర్జీయే కదా!" అన్నాడు.

పాపం ఆయనకేం తెలుసు. అంతకంటే తేలిక మందు లోకంలో లేదు, అంతకంటే జయానందానికి చేదు మందూ లేదు.

"టేపు పట్ట. మా నాయిన పట్టలే, నేను పట్ట" అన్నాడు. మూర్ఖుడు. పాంటు వెనక చినిగినవాడి ముందు పరువు పోతుందట. ఊరు మొహాన ఉమ్మేస్తుంటే తుడుచుకోకుండా కిరీటం సర్దుకునేవాడిని ఏమనాలి?

ఇంతలో అమరేందర్ రావు దగ్గర నుంచి కబురొచ్చింది. ఎల్దుర్తి వైపు ఆయనకు వందల ఎకరాలు. పోలీసు చర్య అయ్యాక గడీ తలుపులు మూసి ఖద్దరు తొడిగాడు, పంచాయతీ సమితికి అధ్యక్షుడయ్యాడు. గాంధీ జయంతికి మెదక్‌లో మైకు పట్టుకుని మనుషులంతా ఒక్కటేనని గంటసేపు చెప్పి, తర్వాత ఇచ్చిన టీని జీపులోంచి తెప్పించుకున్న తన గ్లాసులోనే తాగాడు. ఆయనకు ఢిల్లీ పోయే బృందంలో చోటొచ్చింది, మెడ దాకా గుండీలుండే నల్ల బందుగలా కోటు కావాలి. వాళ్ళ నాన్నకు పేతురు కుట్టాడు, ఈయనకు జయానందం కుట్టాలి. ఊరంతా గుడ్డ దొంగ అంటున్నా సరే కుట్టించుకుంటానన్నాడట. ఎందుకు కుట్టించుకోడు? చెయ్యి తగలకుండా కోటు కుట్టే దర్జీ ఢిల్లీలో దొరుకుతాడా?

జయానందం ముఖంలోకి చాలారోజుల తర్వాత రక్తం వచ్చింది. "దొర కోటు కుదిరితే అందరి నోర్లు మూతపడ్తయి" అన్నాడు. వాడికి కావలసింది అదే. ఆ ఒక్క కోటు కుదిరితే వాడు దొంగ కాదు, వాడి కళ్ళు వాడివే, తండ్రి పేరు నిలబడినట్టే. పాడైతే దుకాణం మూసుకోవడమే.

కొన్నాళ్ళకు యేసమ్మ నా దుకాణంలోకి వచ్చి పిడికిలి విప్పింది. మాత్రలు. గుండీల డబ్బా అడుగున దొరికాయట.

"మింగుతలేడన్నా. దొర అచ్చేలోపల చూపు సక్కగ కావాల్నని ఆపిండట. నిన్నటి సంది అన్నం ముట్టలేదు. పొద్దుగాల నేను నీళ్ళు తోడుతుంటే బావిలకెల్లి చూపు తీస్తలేడు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "గుడ్డలు కురచైతే ఊరు తిడ్తది. తిట్టనియ్యి. గీయన పోతే నేనేం గావాలె?" అంది.

నాకు వచ్చిన కోపం మాటల్లో చెప్పలేను. పక్క దుకాణంలోకి పోయి వాడి ముందు నిలబడ్డాను.

"కోటు కోసం చస్తవారా?"

"కోటు కోసం కాదు. మా నాయిన విద్దె కోసం."

"ఏం విద్దెరా? మీ నాయిన టేపు పట్టలేదనుకుంటున్నవా? పట్టనియ్యలేదు! పట్టలేదనుడు వేరు, పట్టనియ్యలేదనుడు వేరు. మాలవాని చెయ్యి తగుల్తదని వాకిట్ల నిలబెట్టిండ్రు. మొదటి కోటు బిగిసిందని ఎండల వంగబెట్టి ఈపు మీద బండ పెట్టిండ్రు. గా బండ పెట్టించినాయన కొడుకే రేపు నీ గడపకాడికి అస్తున్నడు."

జయానందం చేతిలో కత్తెర కింద పెట్టాడు. "నీకెవలు చెప్పిండ్రు?" అన్నాడు.

"మా అవ్వ. మీ నాయిన ఈపుకు నూనె రాసింది మా అవ్వనే. నీకు తెల్వొద్దని ఒట్టేయించుకున్నడట. గా ఒట్టు ఇయ్యాల తెగ్గొడుతున్న."

వాడు మిషను మీద తల పెట్టుకున్నాడు. మాత్ర మింగమని యేసమ్మ అరచెయ్యి చాపి నిలబడింది. వాడు తీసుకోలేదు. ఆ పూట ఆమె అరచెయ్యి అలాగే ముడుచుకుని లోపలికి పోయింది.

మర్నాడు అమరేందర్ రావు జీపు వచ్చింది. వెంట ఇద్దరు మనుషులు, ఒకడి చేతిలో కోటు గుడ్డ. బజారంతా అరుగుల మీదికి చేరింది. కురచ చొక్కాల వాళ్ళందరూ వచ్చారు, ఎవడి చంకలు వాడికి బిగిసినా తమాషా చూడడానికి మెడలు బాగానే సాగాయి. నేను నా గడపలో నిలబడ్డాను.

దొర గడప బయటి మెట్టు మీదే ఆగాడు. "ఏం జయానందం, పానం బాగలేదంటిరి. సూసుకో మరి" అని ఛాతీ విరిచి నిలబడ్డాడు.

జయానందం తలెత్తి చూశాడు. నాలుగు రోజులుగా మాత్ర లేదు, గడ్డం మాసింది, కళ్ళు లోతుకు పోయాయి. చూస్తూనే ఉన్నాడు. ఎప్పుడూ రెండు చూపుల్లో అయిపోయే పని ఎంతకీ అవడం లేదు. బజారు గుసగుసలాడింది. దొర విరిచిన ఛాతీ మెల్లగా దిగింది.

జయానందం లేచాడు. లోపలి గదిలోకి పోయి యేసమ్మ టేపు మెడలో వేసుకుని వచ్చాడు. నేరుగా గడప దాకా నడిచి, టేపు రెండు చేతులా పట్టుకుని, దొర రొమ్ము వైపు చాపాడు.

దొర ఒక మెట్టు వెనక్కి దిగాడు. "ఇదేంది? గాడ్నే కూసోని సూడు. మీ నాయిన గట్లనే సూస్తుండె."

"మా నాయినను మీ నాయిన దగ్గరికి రానియ్యలేదు దొరా. గందుకని సూసిండు. నాకు దూరంకెల్లి కొలత దొరుకుతలేదు. జర ఆగుండ్రి, చేతులు పైకెత్తుండ్రి."

మళ్ళీ ముందుకు నడిచాడు. దొర మళ్ళీ వెనక్కి జరిగాడు. ఈసారి వీధిలో పడ్డాడు. ఆయన మనుషులు ఏం చేయాలో తెలియక ఆయన ముఖం చూశారు. కొట్టమని చెప్పడానికి వీల్లేదు, ఊరంతా ఓటర్లు. కొలుచుకోనివ్వడానికీ వీల్లేదు, ఊరంతా చూస్తున్నారు. అంత పెద్దమనిషి అంత చిన్న టేపుకు బెదరడం నేనెన్నడూ చూడలేదు.

నేను గడపలోంచే అన్నాను: "దొరా, మొన్న మైకుల మనుషులంత ఒక్కటే అంటిరి. నిలబడుండ్రి, టేపు ఏం చేస్తది?"

అమరేందర్ రావు నావైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. "పిచ్చోని దగ్గరికి తెచ్చిండ్రు నన్ను" అని తన మనిషి మీద విసుక్కున్నాడు. "గుడ్డలు దొంగిలిచ్చుడు సాలక నెత్తికెక్కిండు" అన్నాడు. గుడ్డ తీసుకుని జీపెక్కి పోయాడు. బజారులో ఒక్కడూ నోరు మెదపలేదు. జీపు మలుపు తిరిగాక మాత్రం అందరికీ నోర్లొచ్చాయి. జయానందానికి నిజంగానే పిచ్చెక్కిందని, దొర దయాగుణం వల్ల బతికిపోయాడని అనుకుంటూ ఇళ్ళకు పోయారు.

నేను లోపలికి పోయేసరికి జయానందం నేల మీద చతికిలబడి ఉన్నాడు. యేసమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. వాడు ఏడుస్తున్నాడనుకున్నాను.

"భయమైందారా?" అన్నాను.

తలెత్తాడు. నవ్వుతున్నాడు. గోడవైపు తిరిగిన నాటి నుంచి ఆ పళ్ళు నేను చూడలేదు.

"భయం గాదు. గోళీలు ఆపినా నా చూపింక గట్లనే ఉన్నది. నేను దగ్గరికి పోయిన్నప్పుడు మనిషంత ఉండె. ఎనకకు జరిగినకొద్ది చిన్నగైండు. మెట్టు దిగిండు, చిన్నగైండు. బజాట్ల పడ్డడు, ఇంకింత చిన్నగైండు. జీపు కాడికి పోయేవరకు గింతైండు ప్రకాశం, గింతే!" అని బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి చూపించాడు. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. యేసమ్మ వీపు రాస్తూ తనూ నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నవ్వు ఆగాక వాడు లేచి నా ముందుకొచ్చాడు. "నిలబడు. నిన్ను కొలుస్త" అన్నాడు. టేపు ఎలా పట్టాలో యేసమ్మ చూపించింది. ఆ వేళ్ళు నా రొమ్ము చుట్టూ తిరిగాయి. అంకె చూశాడు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. తర్వాత నా చొక్కా పట్టుకుని లాగి చూశాడు. అది జబ్బుకు ముందు, వాడి కళ్ళు వజ్రాల్లా ఉన్నాయని ఊరు మురిసిపోయిన రోజుల్లో కుట్టింది.

"నీకు ముప్పై ఆరే. గిది నలబైకి కుట్టిన."

"అవునా?"

"భుజం గూడ జారింది. ఇన్నేండ్ల సంది లూజు తొడుగుతున్నవు గదరా. ఎందుకు చెప్పలే?"

"నువ్వు కుట్టినంక లూజు ఎట్లైతది? నేనే బక్కగైన అనుకున్న" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. ఊరంతా అలాగే అనుకుని ఉంటుంది. గొప్పవాడు కుట్టిన చొక్కా ఒంటికి కుదరకపోతే తప్పు ఒంటిదే.

జయానందం టేపు చేతికి చుట్టుకున్నాడు.

"అయితే గా రెండో కోటు గూడ కుదిరిందో లేదో" అన్నాడు. "ఒకపారి బండ పెట్టినంక, కుదరకున్నా ఇంక చాలనుకున్నరేమో. మా నాయిన చచ్చేదాంక ఎన్ని కోట్లు కుట్టిండో. ఒక్కదాన్ని చెయ్యి పెట్టి సూస్కోనియ్యలేదు."

అని యేసమ్మ వైపు చెయ్యి చాపాడు. "గోళీ ఇయ్యి."

ఆమె నీళ్ళు తెచ్చేలోపే మింగేశాడు.